కడిగి పంపిన గిన్నె

రసజ్ఞ ఇంటి నుంచి వచ్చిన గిన్నె మూతను సుబ్బలక్ష్మి వెంటనే తీయలేదు. వంటగట్టు మీద పెట్టి, చేతులు కట్టుకుని దాని వంక చూస్తూ నిలబడింది. మూత అంచు నుంచి ఆవిరి చుక్క ఒకటి జారింది. చల్లారకముందే పంపారన్నమాట. అంత తొందర దేనికి?

“చక్కెర పొంగలి అమ్మా, బాంబు గాదు,” అంది రాజమ్మ. ఆమె ఈ ఇంట్లోనూ, వరండాకు అటు చివర ఉన్న రసజ్ఞ ఇంట్లోనూ పని చేస్తుంది. గిన్నె తెచ్చింది ఆమే.

“ఇవాళ పండగా పబ్బమా? పొంగలి ఎందుకు చేసినట్టు?”

“నాకేం ఎరుక? ఇచ్చి రమ్మన్నది, ఇచ్చిన. ఆఫీసుకు ఉరుక్కుంటనే వండింది, పాపం.”

ఆ చివరి మాట సుబ్బలక్ష్మి చెవిలో గుచ్చుకుంది. ఏదైనా పని తన నెత్తిన పడబోయే ముందు ఎవరో ఒకరు ‘పాపం’ అనడం ఆమె చాలాసార్లు గమనించింది.

మూత తీసింది. నెయ్యి తేలుతోంది. వేయించిన జీడిపప్పు పైన వరసగా పేర్చి ఉంది. అది చూశాక అనుమానం ఇంకా బలపడింది. ఇంట్లోవాళ్ళకని చేసుకునే పొంగలిలో జీడిపప్పు అడుగున ఎక్కడో గరిటెకు తగులుతుంది. ఇలా పైకి కనబడేట్టు పేర్చారంటే ఎవరికో చూపించడానికే.

పొంగలిని తన గిన్నెలోకి మార్చుకుంది. రసజ్ఞ గిన్నెను తానే తోమి, తుడిచి, తడి లేదని వేలితో చూసుకుని రాజమ్మ చేతికిచ్చింది.

“ఏందమ్మా, మళ్ళ గిట్ల ఖాళీ గిన్నేనా? జరంత చక్కెరన్న ఎయ్యి.”

“వెయ్యను.”

“ఖాళీ గిన్నె పట్కపోతే నన్నే చూస్తరు, నడుమల నేనే తిన్నట్టు.”

“నేనే ఇలా పంపానని చెప్పు.”

రాజమ్మ గొణుక్కుంటూ వెళ్ళింది.

సుబ్బలక్ష్మి పుట్టి పెరిగింది పాలకొల్లు దగ్గర. ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నెను ఒట్టిగా తిప్పి పంపకూడదని అందరు ఆడపిల్లలకీ నేర్పినట్టే ఆమెకూ నేర్పారు. ఇంట్లో ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి ఇవ్వాలి. కిందటేడు నీటిసరఫరా శాఖలో సూపరింటెండెంటుగా రిటైరై, కొత్తగూడలోని ఈ అపార్టుమెంటులో పగలంతా ఉండడం మొదలుపెట్టిన కొత్తలో ఆమె అలాగే చేసింది. మూడో అంతస్తు నుంచి పులిహోర వస్తే, ఆ గిన్నెలో జంతికలు వేసి పంపింది. వారం తిరక్కుండా ఆ ఇంటావిడ చెల్లెలి దగ్గరికి వెళ్తూ, కుండీలకు నీళ్ళు పోయమని తాళంచెవి ఇచ్చి వెళ్ళింది. ఇంకో ఇంటి నుంచి మాగాయ వచ్చింది. ఆ తర్వాత ఆ ఇంటికి వచ్చే పార్సిళ్ళన్నీ ఈ గుమ్మంలోనే దిగాయి. “మీరు ఖాళీగానే ఉంటారుగా ఆంటీ,” అని ప్రతివాళ్ళూ నవ్వుతూనే అన్నారు.

గిన్నె వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. ఈ తిరగడం ఆగనంత కాలం మొహమాటం కూడా ఆగదని ఆమెకు నెమ్మదిగా అర్థమైంది. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆపాలి. మొదటిసారి ఖాళీ గిన్నె పంపిన రోజు ఆమె దాన్ని రెండుసార్లు తుడిచింది. చచ్చిపోయిన తల్లి వెనక నిలబడి చూస్తున్నట్టు అనిపించి, పంచదార డబ్బా వైపు చూడకుండా తలుపు తీసింది.

ఆమె దాచుకుంటున్నది మధ్యాహ్నాన్ని.

భోజనాలయ్యాక భర్త భీమేశ్వరరావు హాల్లో దివాను మీద ఒరుగుతాడు. ఆయన గురక మొదలయ్యాక సుబ్బలక్ష్మి లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. బీరువా వెనక, పాత దుప్పటి కప్పి నిలబెట్టిన క్యారమ్ బోర్డు బయటికి తీస్తుంది. అది ఆమె రిటైరైనప్పుడు భర్త చేయించి ఇచ్చిందే. బాలానగర్‌లో ఆయన పనిచేసిన ఫ్యాక్టరీలో చెక్క నమూనాలు చేసే మిత్రుడొకాయన టేకు చట్రం బిగించి ఇచ్చాడు. దాని మీద తెల్లటి పౌడరు చల్లి, అరచేత్తో రుద్ది, కాయలు పేరుస్తుంది. తెల్లకాయలు కుడిచేతివి. నల్లకాయలు ఎడమచేతివి. ఇటు స్టూలు మీద కూర్చుని కుడిచేత్తో కొట్టి, లేచి అటు స్టూలు మీదికి వెళ్ళి ఎడమచేత్తో కొడుతుంది.

ఆఫీసులో ముప్పై ఏళ్ళూ ఆమె ఆ చప్పుడు వింటూనే ఉంది. భోజనం వేళ మగవాళ్ళు క్లబ్బు గదిలో ఆడేవారు. ఫైలు పట్టుకుని ఆ తలుపు ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆమె నడక కొంచెం తగ్గేది. ఏడాదికోసారి ఆటల పోటీల్లో ఆడవాళ్ళకి ముగ్గులు, కుర్చీలాట పెట్టేవారు. ఒక ఏడాది క్యారమ్స్ కూడా పెట్టారు. ఆమెకు రెండో బహుమతి వచ్చింది. మర్నాడు అటెండరు వచ్చి బోర్డును మళ్ళీ మగవాళ్ళ గదిలోకి మోసుకుపోయాడు.

భర్తతో కూడా ఆడి చూసింది. “అది కాదు సుబ్బులూ, ఇటు తిప్పి కొట్టాలి,” అని ప్రతి దెబ్బకూ సలహా చెప్పాడు. మర్నాటి నుంచి గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడామె పోటీ అంతా రెండు చేతుల మధ్యే. అందులోనూ ఒక అనుమానం ఉంది. ఎడమచెయ్యి వెనకబడినప్పుడల్లా, కుడిచెయ్యి తేలిక కాయను కూడా తప్పిస్తోంది. చేతకాకనో, జాలిపడో తేలడం లేదు.

ఈ సంగతి ఆమె బయట ఎవరికీ చెప్పలేదు. రెండో అంతస్తులో పట్టాభిరామయ్య గారు ఒకప్పుడు సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని తన కోసం తాను ఫ్లూటు వాయించుకునేవారు. అది అసోసియేషన్ చెవిన పడింది. ఇప్పుడాయన ప్రతి శనివారం క్లబ్‌హౌసులో పిల్లలకు నేర్పాలి, వినాయక చవితికి మైకు ముందు కూర్చోవాలి. మొన్న లిఫ్టులో, “ఎలా ఉంది మాస్టారూ సంగీతం?” అని ఎవరో అడిగితే ఆయన గోడ వైపు తిరిగారు.

కానీ తలుపు ఎంత గట్టిగా వేసినా చప్పుడు ఆగదు.

“నీ గదిల టక్కు టక్కుమంటది ఏందమ్మా? రసజ్ఞమ్మ అడుగుతుండె,” అంది రాజమ్మ ఒక పొద్దున గది ఊడుస్తూ.

“ఎప్పుడడిగింది?”

“నిన్న. నేల మీద తెల్లగ పొడి గూడ ఉంటది. సున్నమా? అగర్బత్తుల బిజినెస్ పెట్టినవేమో అంటున్నరు మూడో అంతస్తోళ్ళు.”

“నువ్వేం చెప్పావు?”

“ఏం చెప్త? ఎరుకైతె గద చెప్పనీకి.” ఆ గొంతులో బాధ వినబడింది. తెలిస్తే చెప్పి ఉండేదన్నమాట. ఆ రోజు నుంచి సుబ్బలక్ష్మి గడియ తీసేముందు తడిగుడ్డతో నేల తానే తుడుచుకుంటోంది.

పొంగలి వచ్చిన సాయంత్రమే రసజ్ఞ స్వయంగా వచ్చింది. మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతోంది. వారానికి మూడు రోజులు తప్పనిసరిగా ఆఫీసుకు రావాలని కిందటి నెల ఉత్తర్వు వచ్చింది. మూడో తరగతి చదివే కూతురు నీహారికను స్కూలు బస్సు మధ్యాహ్నమే దించేస్తుంది. ఈ సంగతి రసజ్ఞ ఇదివరకే ఒకసారి లిఫ్టులో, ఒకసారి గేటు దగ్గర చెప్పింది. రెండుసార్లూ సుబ్బలక్ష్మి కుదరదనే చెప్పింది.

“ఆంటీ, ఇంకోసారి అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఆ మూడు రోజులే. నేను వచ్చేదాకా.”

“కుదరదమ్మా.” సుబ్బలక్ష్మి ఒక చెయ్యి తలుపు మీదే ఉంచింది.

“ఆ టైంలో ఏమైనా పనుంటుందా ఆంటీ?”

“ఉంటుంది.”

“ఏం పని ఆంటీ?”

సుబ్బలక్ష్మి తలుపును ఇంకొంచెం దగ్గరికి వేసింది. రసజ్ఞ చూపు ఆమె వేళ్ళ మీదికి వెళ్ళింది. గోళ్ళ పక్కన తెల్లగా ఉంది. సుబ్బలక్ష్మి చేతిని కొంగులోకి లాక్కుంది.

“నీహా అసలు అల్లరి చేయదు. ట్యాబ్ ఇస్తే కదలదు. మీ పనికి అడ్డం రాదు, ప్రామిస్. మీరూ జాబ్ చేశారు కదా ఆంటీ, మా కష్టం మీకు తెలీదా? మీ అవినాష్‌ని చిన్నప్పుడు ఎవరు చూసుకున్నారు?”

“మా అత్తగారు.”

“చూశారా మరి!”

“ఆవిణ్ణి ఎవరూ అడగలేదమ్మా. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టేసి నేను బస్సెక్కేదాన్ని. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. కుదరదు.”

రసజ్ఞ కళ్ళ కింద నల్లగా ఉంది. చేతిలో ఫోను ఆగకుండా వణుకుతోంది. పోనీ ఒక్క రోజు అనే మాట సుబ్బలక్ష్మి నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపడానికి ఆమెకు చాలా కష్టమైంది. రసజ్ఞ వెళ్ళిపోయాక తలుపు వేసి, దానికి ఆనుకుని కాసేపు అలాగే నిలబడింది.

తర్వాతి వారం ఇంకో గిన్నె వచ్చింది. ఈసారి గుత్తివంకాయ. సుబ్బలక్ష్మి మామూలుగానే కడిగి, తుడిచి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గిన్నె లేదు. రాజమ్మ ఇచ్చి వచ్చిందనుకుంది.

శుక్రవారం పొద్దున సుబ్బలక్ష్మి లిఫ్టు ఎక్కుతుంటే వెనకే రసజ్ఞ నవ్వుతూ వచ్చి ఎక్కింది.

“ఆంటీ! సున్నుండలు అదిరిపోయాయి. నీహా ఒక్కటి కూడా మిగల్చలేదు. థాంక్యూ సో మచ్ ఆంటీ, నిజంగా. పెద్ద టెన్షన్ తీరిపోయింది. మండే నుంచి బస్సు దిగి నేరుగా మీ దగ్గరికే వచ్చేస్తుంది.”

“ఏ సున్నుండలు?”

రసజ్ఞ చెవిలోని ఇయర్‌ఫోనులో ఎవరో మాట్లాడుతున్నారు. “యా, యా, జాయిన్ అయ్యాను, చెప్పండి,” అంటూ చెయ్యి ఊపి, సెల్లారులోకి దిగి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే వాళ్ళు ఊరెళ్తున్నారనీ, ఆదివారం రాత్రికి గానీ రారనీ వాచ్‌మన్ చెప్పాడు.

సుబ్బలక్ష్మి కూరగాయలకు వెళ్ళకుండా ఇంటికి తిరిగి వచ్చింది. స్టూలెక్కి అటక మీది డబ్బా దించి మూత తీసింది. పాలకొల్లు నుంచి అక్క పొట్టు మినుములతో చేసి పంపిన సున్నుండలు. నిండుగా ఉండాల్సిన డబ్బాలో ఒక పక్క గుంట పడి ఉంది.

ఖాళీగా వెళ్ళాల్సిన గిన్నెను ఎవరో నింపి పంపారు. ఎవరో ఆమె పేరుతో సరే అన్నారు. రసజ్ఞకు ఫోను చేసి కుదరదని చెప్పడం పెద్ద పని కాదు. కానీ ఇంట్లో ఏ కన్నం నుంచి మాట బయటికి పోయిందో తెలియకపోతే, రేపు ఇంకో గిన్నె అదే దారిన పోతుంది.

భీమేశ్వరరావు పేపరు చదువుతున్నాడు.

“ఏమండీ, మొన్న ఆ గిన్నె ఎవరు తీసుకెళ్ళారు?”

“నాకు షుగరు కదా, నేనెందుకు ముట్టుకుంటాను?”

“సున్నుండల మాట నేనింకా ఎత్తలేదు.”

పేపరు కొంచెం పైకి లేచింది. “డబ్బా దించిన చప్పుడైతేనూ, అందుకన్నాను. గిన్నెలు తీసుకెళ్ళేది రాజమ్మే కదా? దాన్నే అడుగు. రెండిళ్ళ మనిషి. ఎవర్నీ నమ్మడానికి లేదు ఈ రోజుల్లో.”

అంత త్వరగా రాజమ్మ పేరు చెప్పడం సుబ్బలక్ష్మికి నచ్చలేదు. అయినా రాజమ్మ రాగానే అడిగింది. అడగడంలోనే పొరపాటు చేసింది.

“అటక మీది డబ్బాలో నుంచి ఏమైనా తీశావా రాజమ్మా?”

రాజమ్మ చీపురు కింద పడేసింది. “నేను తీసిననా? గిన్నేండ్లు మీ ఇంట్ల చేస్తున్న, ఒక్క లవంగం ముట్టిననా? నన్ను గట్లంటవా అమ్మా?”

“అది కాదు రాజమ్మా...”

“ఏది గాదు? నీ గిన్నె నేను పట్కపోనే లేదు! నువ్వు తానానికి పోతివి, నేను గిన్నె తీద్దామంటే సారే ‘నువ్వుండు రాజమ్మా, నేనిస్తాలే’ అన్నడు. స్టూలు గూడ ఆయనే ఏసుకుండు. సారు ఎన్నడన్న స్టూలెక్కిండా? నాకప్పుడే డౌటొచ్చె.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడిగితివా? ఇప్పుడు గూడ నేను తీసిననా అని అడిగినవ్ గని, ఎవరు తీసిండ్రని అడగకపోతివి.”

సుబ్బలక్ష్మి తల దించుకుంది. రాజమ్మకు టీ పెట్టి ఇచ్చింది. రాజమ్మ తాగింది గానీ గ్లాసు తోమకుండా వెళ్ళిపోయింది.

భర్తను వెంటనే నిలదీయలేదు. ఒట్టి గిన్నె పంపడానికి సిగ్గుపడి నాలుగు సున్నుండలు వేశాడంటే అర్థముంది. కానీ రిటైరై ఇన్నేళ్ళయినా మంచినీళ్ళ సీసా కూడా నింపని మనిషి, స్టూలెక్కి, గిన్నె నింపి, వరండా దాటి వెళ్ళి స్వయంగా ఇచ్చి వచ్చాడు. దానికి సిగ్గు ఒక్కటే చాలదు. కాగితాలన్నీ చేరకుండా ఫైలు మీద సంతకం పెట్టకూడదన్నది ఆమె ఉద్యోగంలో నేర్చుకున్న పద్ధతి. శని, ఆదివారాలు ఆయన్ని చూస్తూ గడిపింది. ఆయన అడగకుండానే కూర బావుందన్నాడు. రెండుసార్లు అన్నాడు.

సోమవారం భోజనమయ్యాక దివాను వైపు వెళ్ళకుండా ఆయన బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాడు.

“ఎక్కడికి?”

“అలా ఖాజాగూడ చెరువు దాకా వెళ్ళొస్తాను. ఆటోలో వెళ్ళి, అక్కడ నడిచి.”

“ఈ ఎండలోనా?”

“ఎండ మంచిదటోయ్. విటమిన్లు.”

“నిద్ర?”

“మనిషికి నిద్ర ఒక్కటేనా?”

ఇంతలో బెల్లు మోగింది. సుబ్బలక్ష్మి తలుపు తీసింది. నీహారిక వీపున పెద్ద బ్యాగు, చేతిలో నీళ్ళ సీసా.

“అమ్మమ్మా, మమ్మీ ఇక్కడికి రమ్మంది. మా తాళంచెవి బ్యాగులో పెట్టింది.” లోపలికి తొంగి చూసి ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. “తాతగారూ, మీరింకా వాకింగ్‌కి వెళ్ళలేదా?”

భీమేశ్వరరావు వంగి బూటు లేసు చూసుకుంటున్నాడు.

“తాతగారికి ఈ టైంలో వాకింగ్ ఉంటుందని నీకెవరు చెప్పారమ్మా?” అంది సుబ్బలక్ష్మి.

“తాతగారే. పార్కులో. డాడీ మిమ్మల్ని కాదు, తాతగార్నే ముందు అడిగారు, ‘అంకుల్, మీరు చూస్తారా’ అని. తాతగారేమో, ‘నాకు కుదరదు బాబూ, వాకింగుంది. మా ఆవిడ చూస్తుందిలే. తనకేం పని, ఊరికే గదిలో కూర్చుంటుంది’ అన్నారు.” అప్పజెప్పేసి పిల్ల నీళ్ళు తాగింది.

కింద ఫ్లైఓవరు మీద ఎవరో హారను నొక్కిపెట్టారు. భీమేశ్వరరావు కట్టిన లేసునే మళ్ళీ విప్పి కట్టాడు.

పిల్లను హాల్లో కూర్చోబెట్టి, బిస్కట్లు ఇచ్చి, సుబ్బలక్ష్మి వంటింట్లోకి వెళ్ళింది. భీమేశ్వరరావు ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో వెనకే వచ్చాడు.

“పిల్ల తండ్రి ఉదయ్ భాస్కర్ మొహమ్మీద అడిగేశాడోయ్. మంచి కుర్రాడు. ఎలా కాదనను?”

“కాదన్నారుగా.”

“ఎప్పుడు?”

“నాకు కుదరదు బాబూ అన్నారట. అంత స్పష్టంగా అనగలిగారు. మీ మధ్యాహ్నం మీరుంచుకుని, నాది తీసి ఇచ్చారు. పైగా సున్నుండలు కలిపి ఇచ్చారు.”

“నువ్వలా ఒట్టి గిన్నెలు పంపుతుంటే నాకు తల కొట్టేసినట్టుంది. పార్కులో అందరూ...” ఆయన గొంతు తగ్గించాడు. “అయినా ఆటే కదా సుబ్బులూ. పిల్ల ఒక పక్కన కూర్చుంటే ఆడుకోలేవా?”

 ఊరికే కూర్చుంటుందని చెప్పిన మనిషి, ఆ గదిలో ఏముందో తెలియనివాడు కాదు. ఆ టేకు చట్రాన్ని భుజాన వేసుకుని, బాలానగర్ నుంచి బస్సులో నిలబడి తెచ్చింది ఆయనే. అన్నీ తెలిసే ఆ మాట అన్నాడు. మూడో అంతస్తువాళ్ళ అగర్బత్తుల అనుమానం ఇంతకంటే నయమనిపించింది.

ఫోను తీసి రసజ్ఞకు చేసింది. రసజ్ఞ గొంతు గుసగుసలా వచ్చింది. “మీటింగ్‌లో ఉన్నాను ఆంటీ, నీహా వచ్చేసిందా?”

“వచ్చిందమ్మా. బిస్కట్లు తింటోంది. నేను మాత్రం చూడను.”

కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు. “అదేంటాంటీ? ఇష్టం లేకపోతే ముందే చెప్పొచ్చు కదా!”

“మూడుసార్లు చెప్పానమ్మా. లిఫ్టులో ఒకసారి, గేటు దగ్గర ఒకసారి, మా గుమ్మంలో ఒకసారి. నా మాట మూడుసార్లూ వినబడలేదు నీకు. మా ఆయన ఒక్కసారి చెబితే వినబడింది.”

 “సారీ ఆంటీ,” అని చిన్నగా వినబడింది. “ఇప్పుడెలా మరి? నేను ఇక్కడి నుంచి బయల్దేరినా గంటన్నర పడుతుంది.”

అక్కడ సుబ్బలక్ష్మి మనసు మెత్తబడబోయింది. హాల్లో పిల్ల కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉంది. ఎదురుగా ఒంటి బూటుతో భర్త. ఆమె ఆయన్నే చూస్తూ చెప్పింది.

“మాటిచ్చింది మా ఆయన. ఆయనే చూస్తారు, మీ ఇంట్లో. తాళంచెవి పిల్ల బ్యాగులో ఉందట. ఆయనకి ఎన్నాళ్ళు కుదురుతుందో ఆయన్నే అడుగు. నన్ను మాత్రం అడక్కు.”

ఫోను పెట్టేసి ఆ రోజు పేపరు మడిచి భర్త చేతిలో పెట్టింది.

“సుబ్బులూ, పిల్లలతో నాకేం తెలుసు?”

“నేర్చుకుంటారు. ఖాళీగానే ఉన్నారుగా.”

నీహారిక అప్పటికే గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆయన రెండో బూటు తెచ్చి ఇచ్చింది.

వాళ్ళు వెళ్ళాక సుబ్బలక్ష్మి గదిలోకి వెళ్ళి బోర్డు తీసింది. కానీ ఆ రోజు ఆట సాగలేదు. వరండా అటు చివర ఏమవుతోందోనని చెవి అటే ఉంది. ఒకసారి తలుపు తీసి కూడా చూసింది. లోపలి నుంచి భీమేశ్వరరావు గొంతు వినబడింది. ఆయనేదో లెక్క చెబుతున్నాడు. పిల్ల తప్పంటోంది.

ఆ మూడు రోజులూ, మళ్ళీ పై వారం మూడు రోజులూ ఆయన చీకటి పడే వేళకు ఇంటికొచ్చి దివాను మీద పడ్డాడు.

“గుర్రానికి ఎన్ని పళ్ళుంటాయిట. నేను గుర్రాల డాక్టరునా? ఇవాళ నా చేత బొమ్మకు జడ వేయించింది. మూడు పాయలు ఎలా వస్తాయోయ్?”

“నేర్చుకుంటారు.”

“నాకు వారానికి ఒక్క రోజైనా సెలవు కావాలి. నువ్వు చెప్పవా రసజ్ఞకి?”

“మీరే చెప్పండి.”

ఆయన లేచి కూర్చున్నాడు. “ఎలా అంటావు నువ్వు, అలా ఒక్క ముక్కలో? నాకైతే నోట్లోంచి ఏదో ఒక కారణం వచ్చేస్తుంది. మోకాలి నొప్పంటాను, డాక్టరంటాను.”

“కారణం చెప్పకూడదు. చెబితే దాన్ని సర్దిపెడతారు. మోకాలంటే తైలం తెచ్చిస్తారు. డాక్టరంటే కారు పంపిస్తారు. కుదరదని చెప్పి ఊరుకోవాలి.”

“తర్వాత వాళ్ళు మాట్లాడకుండా నిలబడతారు చూడూ, అప్పుడు?”

“మీరూ నిలబడాలి.”

ఆదివారం పొద్దున ఆయన అద్దం ముందు నిలబడి, పక్కన ఎవరి భుజమో ఉన్నట్టు గాలిలో చెయ్యి వేసి, “కుదరదు బాబూ” అనుకుంటూ కనబడ్డాడు. ఆ భుజం మీద చెయ్యి వెయ్యడం ఒక్కటి దండగ అని చెప్పి ఆమె వంటింట్లోకి వెళ్ళింది. సాయంత్రం పార్కు నుంచి తిరిగొచ్చినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది.

“చెప్పేశాను. రెండు రోజులే వస్తాను, మూడో రోజు కుదరదు అన్నాను. ఎందుకంకుల్ అన్నాడు. నేనేం మాట్లాడలేదు. చెమటలు పట్టాయి, అయినా మాట్లాడలేదు.”

“ఏమన్నాడు చివరికి?”

“ఆ రోజు తనే ఇంటి నుంచి పని చేస్తాట్ట. వాళ్ళ ఆఫీసులో ఎప్పుడో ఒప్పుకున్నారట. ఇంతకాలం అతన్నెవరూ అడగలేదట.”

సుబ్బలక్ష్మి చేస్తున్న పని ఆపి ఆయన్ని చూసింది. ఆయన చూపు తిప్పుకుని బూట్లు విప్పుకోవడానికి వంగాడు.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం, ఆయన వెళ్ళనక్కర్లేని రోజున, రాజమ్మ మూతపెట్టిన గిన్నె తెచ్చి గట్టు మీద పెట్టింది. సున్నుండల గొడవ తర్వాత ఆమె మళ్ళీ మామూలుగా మాట్లాడడం ఈ మధ్యనే మొదలుపెట్టింది.

“ఎవరిచ్చారు?”

“ఇంకెవరు? రసజ్ఞమ్మ.”

“ఏం కావాలిట?”

“ఏమద్దట. ఊకెనే ఇచ్చిరమ్మన్నది. ఇగ నీ ఇష్టం, నమ్ముతె నమ్ము.”

సుబ్బలక్ష్మి నమ్మలేదు. మూత తీసి చూసింది. మళ్ళీ చక్కెర పొంగలే. పైన ఏమీ లేదు. కొంచెం అడుగంటిన వాసన కూడా వస్తోంది. చెంచా అడుగు దాకా దింపి కదిపింది. ఒక జీడిపప్పు తగిలింది, ఇంకాస్త లోపల ఇంకొకటి. చాలాసేపు ఆ గిన్నెలోకి చూస్తూ నిలబడింది.

పొంగలి తీసుకుని గిన్నె తోమింది, తుడిచింది. పంచదార డబ్బా చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. దాని మీద చెయ్యి వేసి, తీసేసింది.

“ఇయ్యాల్నా, ఖాళీదే?” అంది రాజమ్మ.

“ఇప్పుడు కాదు. ఉండనీ. రేపు చూద్దాం.”

“రేపా? చూద్దామా?” రాజమ్మ వింతగా చూసింది. “ఒంట్ల మంచిగుందా అమ్మా?”

హాల్లో గురక మొదలైంది. సుబ్బలక్ష్మి గిన్నెను గట్టు మీద బోర్లించి, గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. పౌడరు చల్లింది. ఆట సగం దాకా వచ్చేసరికి ఎడమచెయ్యి బాగా వెనకబడింది. ఎర్రకాయ మూలగుంట ముందు తేలిగ్గా, కుడిచేతికి ఎదురుగా ఉంది. వేలు అలవాటుగా వదులైంది. ఆమె ఆ వేలి వంక అనుమానంగా చూసింది.

స్ట్రైకరును సరిచేసి, ఊపిరి బిగబట్టి గట్టిగా కొట్టింది. ఎర్రకాయ పడింది. వెంటనే ఒక తెల్లకాయను కూడా వేసి ఎర్రకాయను దక్కించుకుంది. నిజంగానే కష్టమైన కాయ ఒకటి తప్పాకే లేచి అటు స్టూలు మీదికి వెళ్ళింది.